పై నాలుగు లైన్లు

"జుట్టు కోసమే అయితే ఎక్కడైనా కత్తిరించుకుంటారయ్యా. మన దగ్గరికి మాట కోసం వస్తారు," అన్నాడు సెలూను యజమాని, సగం ఎత్తిన షట్టరు కిందనుంచి లోపలికి దూరుతూ.

కొట్లో పనిచేసే అతను కూడా వెనకాలే వంగి లోపలికి వచ్చాడు. బదులు చెప్పలేదు. బదులు చెప్పకపోవడం గురించే కదా అసలు గొడవంతా.

ఆ సెలూన్లో కుర్చీలు మూడు. తలుపు పక్కది యజమానిది. నడిమి కుర్చీ దగ్గర నిలబడేవాణ్ణి అందరూ రేడియో అంటారు. పాతికేళ్ళవాడు, నిద్రలో తప్ప నోరు మూయడు, నిద్రలో సంగతి వాళ్ళావిడకే తెలియాలి. గోడవారనున్న మూడోది ఇతనిది. చాలాకాలంగా ఇతనికి మారుపేరంటూ లేదు. మారుపేరు పెట్టాలన్నా మనిషి కాస్తయినా నోరు విప్పాలి.

"నిన్న చూశావుగా?" అన్నాడు యజమాని, అద్దాల మీది గుడ్డలు తీస్తూ.

చూశాడు. బల్లమీద ముగ్గురు కూర్చుని ఉన్నారు, అతని కుర్చీ ఖాళీగా ఉంది. గుడ్డ దులిపి "రండి సార్" అని పిలిచాడు. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "పర్లేదు, ఆ అబ్బాయి చేయి ఖాళీ అవనీ" అన్నారు. దులిపిన గుడ్డ మళ్ళీ మడత పెట్టుకుని, కడిగిన దువ్వెనలే మళ్ళీ కడుగుతూ గంటసేపు నిలబడ్డాడు. రేడియో కత్తిరించిన తలల్లో ఒకదానికి చెవి వెనక మెట్టు పడింది. దాన్ని ఎవరూ చూడలేదు. అందరూ వాడి మాటలకు నవ్వుతూ ఉన్నారు.

"నీ చేతికి వంక పెట్టను," అన్నాడు యజమాని. "మెడ దగ్గర గీత నీలాగా ఎవడూ తియ్యలేడు. కానీ నీ కుర్చీలో కూర్చుంటే ఫొటో తీయించుకుంటున్నట్టు బిగుసుకుపోతున్నామంటున్నారు. నెలాఖరు దాకా చూస్తాను. ఆపైన ఆ కుర్చీలో ఇంకెవరినైనా పెట్టుకుంటాను. నన్ను తిట్టుకోకు."

"ఏం మాట్లాడమంటారండీ?"

"ఏదో ఒకటి! లోకంలో ఇంత జరుగుతోంది, నీకేం పట్టదా?"

పట్టకపోవడం కాదు. ఏం జరుగుతోందో తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గు. ఇన్నేళ్ళూ కత్తెర చప్పుడు మధ్య జనం మాటలు వింటూనే ఉన్నాడు, పక్కవీధిలో పెళ్ళి బాజా విన్నట్టు. ఎవరి పెళ్ళో ఎన్నడూ అడగలేదు.

ఆ పూటే, రిటైరైన హెడ్మాస్టారు ఒకాయన వచ్చి యజమాని కుర్చీలో కూర్చున్నాడు. పెట్రోలు ధర మీద మాట మొదలైంది. "పెరగదా మరి? కాలువ మూసేశారు. ఓడలన్నీ చుట్టు తిరిగి రావాలి," అన్నాడు ఆయన. బల్లమీది వాళ్ళు అవునవునన్నారు. రేడియో ఇంకో రెండు ముక్కలు కలిపాడు. అతనికి యజమాని పొద్దుటి మాట గుర్తొచ్చింది. గొంతు సవరించుకున్నాడు.

"ఎండాకాలం కదండీ, కాలువలో నీళ్ళు తగ్గుంటాయి. పూడిక తీయిస్తే సరిపోద్ది."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత హెడ్మాస్టారు గుడ్డ కింద కదిలిపోతూ నవ్వడం మొదలుపెట్టాడు. యజమాని కత్తెర పైకెత్తి పట్టుకుని నిలబడాల్సి వచ్చింది.

"పూడికా! నయం, ఓడల్ని బండ్ల మీదికెక్కించి తోలమన్నావు కాదు!" అన్నాడు ఆయన కళ్ళు తుడుచుకుంటూ. "ఒరే నాయనా, అది పొలం కాలువ కాదురా. రెండు సముద్రాల్ని కలిపే కాలువ!"

ఆ సెలూన్లో ముందూ అద్దాలే, వెనకా అద్దాలే. నవ్వే ముఖాలు ఒకదాని వెనక ఒకటి వరసగా కనిపించాయి. ఆ వరసలో తన ముఖం కూడా ఉంది. అది కూడా నవ్వుతోంది. ఎవరో అతికించి పోయిన నవ్వులా ఉంది. అందరికంటే ఆ నవ్వే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

మధ్యాహ్నానికల్లా అతనికి మారుపేరు వచ్చింది. "కాలువ బాబాయ్, ఆ పౌడరు డబ్బా ఇలా అందుకో," అన్నాడు రేడియో.

*

అతని భార్య ఇంటి ముందు గదిలో ఇస్త్రీ బల్ల పెట్టుకుంది. వీధి వీధంతా బట్టలు ఆవిడకే వేస్తారు. ఇస్త్రీ చేసిన చొక్కాల్ని కట్ట కట్టడానికి పాత పేపర్లు తూకానికి కొంటుంది. ఆ సాయంత్రం అతను వచ్చీరాగానే ఆ దొంతర ముందు చతికిలబడ్డాడు.

"ఏంటండీ, నా పేపర్ల మీద పడ్డారు?"

"రెండు సముద్రాల్ని కలిపే కాలువ ఉందంట. నీకు తెలుసా?"

"నాకు రెండు వీధుల్ని కలిపే సందు తెలుసు. అందులో కూడా నీళ్ళే ఉన్నాయి, మున్సిపాలిటీ వాళ్ళు రాక," అంది ఆవిడ. ఆ తర్వాత అతని ముఖం చూసి ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "ఎవరేమన్నారు?"

చెప్పాడు. ఆవిడ నవ్వలేదు. దొంతరలోంచి కొన్ని పేపర్లు లాగి అతని ఒళ్ళో పడేసింది. "చదవండి. నోరేం పోయింది, మీకూ ఉందిగా."

వేలు పెట్టుకుని చదివాడు. పెదవులు కదులుతుంటే ఆవిడ చూడనట్టు కాలర్లు తిప్పుతూ ఉంది. మర్నాడు కుర్చీలో కూర్చున్న మొదటి మనిషికి, చెవి మీద జుట్టు దువ్వెనతో ఎత్తి పట్టుకుని చెప్పాడు: "ఎల్లుండి పెద్ద తుఫానటండీ. చెట్లు కూలిపోతాయంట. ఇంట్లో కొవ్వొత్తులు పెట్టుకోండి."

ఆ మనిషి తలుపులోంచి ఆకాశం వైపు చూశాడు. తెల్లటి ఎండ. "ఏ పేపర్లో పడింది?" అన్నాడు.

విషయం బయటపడడానికి ఎంతోసేపు పట్టలేదు. "అది పోయినేడాది వచ్చి వెళ్ళిపోయిందండీ బాబూ," అన్నాడు ఆ మనిషి నవ్వాపుకుంటూ. రేడియో నవ్వాపుకోలేదు. "బాబాయ్, రాబోయే తుఫానుకి హెచ్చరిక చేస్తారు. పోయినదానికి పరామర్శ చేస్తారు!"

అతని చెవులు కాలిపోయాయి. కత్తెర మాత్రం తప్పు చేయలేదు. చేతులకు సిగ్గు తెలియదు కాబోలు.

ఆ తర్వాత పద్ధతి మార్చాడు. యజమాని కంటే ముందే వచ్చి, షట్టరు కింద దూర్చిన ఆనాటి పేపరు లాక్కుని మెట్టుమీద కూర్చునేవాడు. అంతా చదవబోతే ఒక్క పుట అయ్యేసరికి కొట్టు తెరిచే వేళయ్యేది. చూడగా చూడగా అతనికొక కిటుకు దొరికింది. ఏ వార్తకైనా పెద్దక్షరాల కింద పై నాలుగు లైన్లలోనే సరుకంతా ఉంటుంది. కిందికి పోయేకొద్దీ ఎవరెవరో ఏదేదో అన్నారని రాస్తారు. కొట్లో మాటకు పై నాలుగు లైన్లు చాలు. రేడియో చేసేదీ ఇదేనని కూడా అర్థమైంది. అర్థమయ్యాక వాడి మీద భయం కొంత తగ్గింది.

వారం తిరక్కముందే హెడ్మాస్టారు మళ్ళీ గడ్డం చేయించుకోవడానికి వచ్చాడు. "ఏం కాలువా, పూడిక ఎంతవరకొచ్చింది?" అన్నాడు.

"పని నడుస్తోందండీ. ఈలోగా కొత్త చంద్రుణ్ణి కనిపెట్టారంట, చూశారా?"

"ఏ గ్రహానికి?"

"శనికండీ. ఇదివరకే బోలెడున్నారంట, అయినా చాలలేదు."

బల్లమీద ఎవరో నవ్వారు. ఈసారి అతని మీద కాదు. "శభాష్!" అన్నాడు హెడ్మాస్టారు. యజమాని అద్దంలోంచి అతని వైపు చూసి చిన్నగా తలూపాడు. ఆ పూట కత్తెర ఉత్త గాలిని కూడా రెండుసార్లు కత్తిరించింది. బల్లమీంచి ఒకడు తనంతట తానే లేచి వచ్చి మూడో కుర్చీలో కూర్చున్నాడు. ఇంటికి పోయి భార్యకు ఆ మాట చెబుతుంటే మాటమాటకీ గొంతు పెరిగింది. "నెమ్మదిగా చెప్పండి, శనిగ్రహం దాకా వినిపిస్తోంది," అంది ఆవిడ. ఆవిడ ముఖమూ వెలుగుతోంది.

*

తాళాలాయన వచ్చింది ఆ మర్నాడే.

సందు మొదట్లో తాళాలు బాగుచేసే కొట్టు ఆయనది. ఎన్నో ఏళ్ళుగా మూడో కుర్చీకే వస్తాడు. బల్ల నిండా జనమున్నా, మిగతా కుర్చీలు ఖాళీగా ఉన్నా ఆయనకు అదే కుర్చీ కావాలి. కూర్చుని "మామూలే" అంటాడు. లేచేటప్పుడు "వస్తా" అంటాడు. ఆ రెండు మాటల మధ్య ఇద్దరూ ఎవరి లోకంలో వాళ్ళుంటారు.

ఆ రోజు "మామూలే" కూడా అనలేదు. వచ్చి కూర్చున్నాడు. గడ్డం పెరిగి ఉంది. అతను మెడ చుట్టూ గుడ్డ కట్టి, జుట్టు తడిపి, ఎడమవైపు మొదలుపెట్టాడు. దువ్వెన వెంట కత్తెర పోతోంది. చెవి చుట్టూ తిప్పాడు. వెనకాల సగం దాకా దించాడు. అద్దంలో యజమాని కళ్ళు తన మీద ఉన్నాయి. ఇన్నేళ్ళ ఖాతాదారుతో ఒక్క ముక్క మాట్లాడకపోతే బాగుండదనిపించింది. పొద్దున్నే చదివిన పేపరు నాలిక చివరనే ఉంది.

"చూశారా అన్నగారూ, సరుకు ఓడ ఒకటి మునిగిపోయిందంట."

తాళాలాయన అద్దంలోకే చూస్తున్నాడు. వింటున్నాడనుకున్నాడు.

"చలి సముద్రమంట అది. ఆ నీళ్ళల్లో పడితే ఎంత గజ ఈతగాడైనా ఎంతోసేపు నిలవలేడంట. ముందు చేతులు మొద్దుబారిపోతాయంట. కేక వేద్దామన్నా నోరు పెగలదంట."

పక్కనుంచి రేడియో, "అబ్బో, బాబాయ్ సముద్రంలోకి దిగాడే!" అన్నాడు. అతను నవ్వి, కుడివైపు తిరిగి దువ్వెన పెట్టబోయాడు.

గుడ్డ కిందనుంచి తాళాలాయన చేయి పైకి వచ్చింది. మెడ వెనక ముడి తనే వెతుక్కున్నాడు. తాళాలు విప్పే వేళ్ళు, అయినా ముడి దొరకడానికి చాలాసేపు పట్టింది. గుడ్డ కుర్చీ మీద పెట్టి, లేచి, ఎవరినీ చూడకుండా బయటికి నడిచాడు. ఎడమవైపు నున్నగా, కుడివైపు చెవి మీదికి తడి జుట్టు వేలాడుతూ, ఎండలో వీధి వెంట వెళ్ళిపోయాడు. దారిన పోయేవాళ్ళు ఆగి తిరిగి చూడడం తలుపులోంచి కనిపించింది.

"ఏమన్నావయ్యా ఆయన్ని?" అన్నాడు యజమాని.

అతను దువ్వెన అలాగే గాల్లో పట్టుకుని నిలబడ్డాడు. టీలు తెచ్చిన పక్క కొట్టాయన గడపలో ఆగి వీధివైపు చూస్తున్నాడు.

"అయ్యో, క్షవరమైనా కానియ్యలేదా? రేపు పొద్దున్నే రేవుకి పోవాలంట పాపం," అన్నాడు టీ ఆయన. "ఆయన తమ్ముడు ఆ మునిగిన ఓడలో వంటవాడు. మీకెవరికీ తెలీదా? కంపెనీ వాళ్ళు రమ్మని ఫోన్ చేశారంట."

కొట్లో మాట ఆగిపోయింది. అందరి నోళ్ళూ ఒకేసారి మూతపడడం ఆ కొట్టు పెట్టాక అదే మొదటిసారి. యజమాని, "మాట్లాడమన్నాను గానీ…" అని, మిగతాది మింగేశాడు.

అతను వంగి, నేలమీది వెంట్రుకలు ఊడ్చాడు. నెరిసిన వెంట్రుకలు, ఒక తలకు సగం. చేటలోకి ఎత్తాక పారబొయ్యడానికి చెయ్యి రాలేదు.

*

ఇంటికి వచ్చి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. జరిగింది గోడకే చెప్పాడు. భార్య అంతా విని ఇస్త్రీపెట్టె స్విచ్చి తీసేసింది.

"రేపు ఆయన ప్రయాణమన్నారు కదా. అర తలతో ఎలా పోతాడండీ?"

"ఇంకెవరైనా చేస్తారు."

"మీరు మొదలుపెట్టిన తల ఇంకెవరు చేస్తారు?"

"నా ముఖం చూస్తాడా ఆయన?"

"చూడకపోతే చూడనివ్వండి. మీకు కావాల్సింది ఆయన తల కదా, చూపు కాదు," అంది ఆవిడ. ఆ గొంతులో కోపమే ఉంది గానీ, సంచీ అందిస్తున్న చెయ్యి మెత్తగా ఉంది.

ఇంకా వెలుతురు ఉండగానే సెలూనుకు పోయి కత్తెర, దువ్వెన, కత్తి సంచీలో వేసుకున్నాడు. ఇళ్ళకు వెళ్ళి చేసేటప్పుడు నేలమీద పరచడానికి పేపరు పట్టుకెళ్ళడం అలవాటు. బల్లమీదున్నది చూడకుండానే మడిచి చంకలో పెట్టుకున్నాడు.

తాళాల కొట్టు మూసి ఉంది. పైనే ఇల్లు. తలుపు తీసిన ఇల్లాలు అతన్నీ సంచీనీ చూసి పక్కకు తప్పుకుంది. "ఓడ మాట మాత్రం ఎత్తకండి," అంది గొంతు తగ్గించి. "మేమెవరం ఎత్తడం లేదు." ముందుగదిలో నలుగురైదుగురు చుట్టాలు గోడలకు ఆనుకుని కూర్చున్నారు. టీవీ మీద దుప్పటి కప్పి ఉంది.

తాళాలాయన వెనక వరండాలో ముక్కాలిపీట మీద ఉన్నాడు. తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. అతన్ని చూసి తువ్వాలు విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. అంతే.

అతను పేపరు విప్పి పీట చుట్టూ పరిచాడు. గుడ్డ కట్టాడు. "తప్పైపోయింది అన్నగారూ" అన్న మాట దారి పొడుగునా కూడబలుక్కుంటూ వచ్చాడు. తీరా నోరు తెరిస్తే సగమే బయటికొచ్చింది. కుడివైపు తడిపి, దువ్వి, కత్తిరించాడు. వెంట్రుకలు పేపరు మీద పడుతున్న చప్పుడు కూడా వినిపిస్తోంది. మెడ వెనక పని మిగిలింది. ఆయన తల బాగా కిందికి వంచాడు.

మెడ మీద గీత తీస్తూ ఉండగా, తల అటూ ఇటూ కదలడం చూశాడు. కదలొద్దని చెప్పబోయి ఆగాడు. తాళాలాయన కాలి బొటనవేలితో పేపరు మీది వెంట్రుకల్ని పక్కకు నెడుతున్నాడు. నెట్టిన చోట మునిగిన ఓడ బొమ్మ ఉంది.

పొద్దుటి పేపరే అది. అతను ఒక్క ఉదుటున వంగి లాగెయ్యబోయాడు.

"ఉండనివ్వు," అన్నాడు తాళాలాయన. "నా కళ్ళద్దాలు కూడా దాచేశారు. పేపర్లు దాచేశారు, ఫోను మా ఆవిడ దగ్గరుంది. నేను గదిలోకి వస్తే మాటలాపేస్తారు. వాడి పేరు ఇంట్లో నిన్నటినుంచీ ఎవరూ అనలేదు. నువ్వొక్కడివే…" ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. "కొట్లో వినలేకపోయాను. బయటికొచ్చాక అయ్యో, మొత్తం వినాల్సింది కదా అనుకున్నాను. చెప్పు. ఇంకా ఏం రాశారు? ఏ వేళప్పుడు మునిగింది? వంటగది ఓడలో ఏ పక్కనుంటుంది?"

అతని చేతిలో కత్తి ఆగిపోయింది. కాలువ దగ్గర పడ్డ సిగ్గు, తుఫాను దగ్గర పడ్డ సిగ్గు దీని ముందు ఏమీ కావు.

"నాకు తెలీదన్నగారూ," అన్నాడు. "నేను పై నాలుగు లైన్లే చదివాను. మాటకి చాలని… మిగతాది చదవలేదు."

తాళాలాయన తల పైకెత్తి, వెనక్కి తిరిగి చూశాడు. తిడతాడనుకున్నాడు. తిట్టినా బాగుండేది. "అయితే ఇప్పుడు చదువు," అన్నాడు ఆయన.

అతను పేపరు ఎత్తి వెంట్రుకలు దులిపాడు. పీట పక్కన నేలమీద కూర్చుని, వేలు పెట్టి, మొదటినుంచీ చదివాడు. నాలుగు లైన్లు దాటాడు. ఓడ పొడవు, అందులో సరుకుగా వేసిన ఇనుము, గాలి ఎటునుంచి కొట్టింది, చివరిసారి వైర్లెస్సులో కెప్టెను ఏమన్నాడు. మిగతా భాగం లోపలి పుటలో ఉంటే పుట తిప్పి అక్కడా చదివాడు. ఒక పడవ దొరికిందట. అందులో కొందరు ప్రాణాలతో ఉన్నారట. పేర్లు ఇంకా తెలియలేదట. తాళాలాయన మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాడు.

వంటగది మాట అందులో ఎక్కడా లేదు.

"వాడు చెప్పాడు నాకు," అన్నాడు తాళాలాయన, ఎవరూ అడగకుండానే. "ఓడ ఊగేటప్పుడు గిన్నెలు పడిపోకుండా పొయ్యి చుట్టూ ఇనుప కమ్మీలు ఉంటాయంట. చారు పొంగి కమ్మీల మీద పడితే నవ్వొచ్చేదంట వాడికి. చెంబులో సగమే పొయ్యాలంట, నిండుగా పొయ్యకూడదంట. ఇంటికొచ్చినా సగం గ్లాసే ఇచ్చేవాడు. పిసినారి అని ఏడిపించేవాణ్ణి."

"ఈత వచ్చా అండీ?" అని అడిగాడు అతను. అడిగాక భయపడ్డాడు.

"రాదు. భయం వాడికి నీళ్ళంటే. వంటగదిలోంచి బయటికి చూడనని చెప్పేవాడు."

ఇల్లాలు వరండా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆపుతుందనుకున్నాడు. ఆవిడ గడప మీద కూర్చుని, "పెళ్ళిచూపులకెళ్ళినప్పుడు కూడా చెరువు పక్కనున్న ఇల్లని వద్దన్నాడు," అంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. లోపల గోడలకు ఆనుకున్నవాళ్ళలో ఒకరిద్దరు లేచి ఇటు వచ్చారు. అతను లేచి మెడ మీద గీత పూర్తిచేశాడు. గడ్డం కూడా గీశాడు. పటిక రాసి, తువ్వాలుతో అద్ది, పేపరును వెంట్రుకలతో సహా మడవబోతే, "అది వదిలెయ్యి," అన్నాడు తాళాలాయన.

*

మర్నాడు పొద్దున మెట్టుమీద కూర్చుని పేపరు విప్పాడు. మొదటి పుటలో ఓడ లేదు. ఎవరో ఆటలో గెలిచారు, వాళ్ళ బొమ్మ ఉంది. పుటలన్నీ తిప్పగా తిప్పగా ఒక మూల చిన్న ముక్క కనిపించింది. గాలి ఇంకా తగ్గలేదట. పడవలో దొరికినవాళ్ళ పేర్లు ఇంకా చెప్పలేదట. చివరి చుక్క దాకా రెండుసార్లు చదివాడు. సందు మొదట్లో తాళాల కొట్టుకు తాళం వేసి ఉంది.

పది కాకముందే బల్ల నిండిపోయింది. టీ ఆయన పుణ్యమా అని సంగతి వీధంతా తెలిసిపోయి, క్షవరం పని లేనివాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. హెడ్మాస్టారు వచ్చి, యజమాని కుర్చీ ఖాళీగా ఉన్నా దాటుకుని వచ్చి మూడో కుర్చీలో కూర్చున్నాడు.

"ఇవాళ గడ్డం నీ దగ్గరే. నిన్న సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళావటగా?"

"వెళ్ళానండీ."

రేడియో తన చేతిలోని కటింగ్ మెషిను ఆపాడు. యజమాని టీవీ సౌండు తగ్గించాడు. బల్లమీది వాళ్ళు ముందుకు వంగారు. అద్దంలో ఆ ముఖాలన్నీ, వాటి వెనక అద్దంలో మళ్ళీ అవే ముఖాలు, అన్నీ అతని వైపే చూస్తున్నాయి. ఇన్నేళ్ళలో ఆ కొట్లో అంతమంది అతని మాట కోసం ఎదురుచూడడం అదే మొదలు.

"ఏమన్నాడయ్యా?" అన్నాడు హెడ్మాస్టారు. "ఏడ్చాడా? తమ్ముడి సంగతి ఏమైనా తెలిసిందా?"

"చెప్పు బాబాయ్, నువ్వు దగ్గరుండి చూశావుగా," అన్నాడు రేడియో.

అతను సబ్బు నురగ పట్టిస్తున్నాడు. పొయ్యి చుట్టూ ఇనుప కమ్మీలు, సగం గ్లాసు, నీళ్ళంటే భయం. ఈ ముఖాల్లో ఏ ఒక్కరికీ తెలియని సంగతులు. చెబితే కొట్టు కొట్టంతా నోరు తెరుచుకుని వింటుంది. ఈ నెలాఖరే కాదు, ఏ నెలాఖరుకూ కుర్చీకి ఢోకా ఉండదు. నోట్లో మాట కదిలింది కూడా. "ఓడలో వంటగదంటే…" అన్నాడు. అందరూ ఇంకొంచెం ముందుకు వంగారు. ఆ వంగడం చూసి అతని ముఖం మళ్ళీ వేడెక్కింది.

నురగ బ్రష్షు పక్కన పెట్టాడు. కొత్త బ్లేడు విరిచి కత్తిలో బిగించాడు. హెడ్మాస్టారు తలను రెండు వేళ్ళతో నెమ్మదిగా వెనక్కి వాల్చాడు.

"ఊఁ, వంటగదంటే?" అన్నాడు ఆయన.

"కాసేపు మాట్లాడకండి మాస్టారూ," అన్నాడు అతను. "కత్తి గొంతు మీదుంది."